నల్ల తెర మీద టైపు

జనవరి 5, ఆదివారం

మధ్యాహ్నం ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. కుడికంట్లో ఊడిన పొరను అతికించి, అది మళ్లీ కదలకుండా లోపల ఒక గాలిబుడగ పెట్టారు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి, అది వెళ్లి పొరను నొక్కి పట్టాలంటే మనిషి ముఖం నేలను చూస్తూ ఉండాలి. పడుకున్నా, తిన్నా, బాత్రూముకు నడిచినా తల వంచుకునే. పద్దెనిమిదో తారీకు దాకా ఇంతే. "తల ఎత్తితే మా పని మళ్లీ మొదటికొస్తుంది. రెండోసారి అతుకుతుందని నేను మాటివ్వలేను" అని డాక్టరమ్మ చెప్పింది. ఆయనకు కాదు, నాకు చెప్పింది. ఇలాంటివి ఇంట్లో ఎవరికి చెప్పాలో ఆవిడకు తెలుసు.

ఎడమకన్ను ఆయనకు చిన్నప్పటి నుంచీ వెలుతురూ చీకటీ తెలిసేంతే. ఇన్నాళ్ల చదువూ రాతా ఈ ఒక్క కంటితోనే.

ముందుగదిలో మంచం వేసి, నుదుటి కింద తలగడలు పేర్చి, ముఖం అంచు దాటి కిందికి వేలాడేలా అమర్చాను. కింద ఎర్రగచ్చు. కట్టు కట్టిన కంటికి కనబడదని తెలిసినా రెండుసార్లు తుడిచాను.

పిషీమా రాగానే ఆయన చెవులకు మఫ్లర్ చుట్టింది. ఆయన తండ్రికి అక్క. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. "ఏసీ గదిలో పడేసి పిల్లాడికి చలి పట్టించారు" అని ఆసుపత్రి మొత్తాన్నీ తిట్టింది. పిల్లాడికి యాభై ఎనిమిదేళ్లు.

ఈ డైరీ ముందు పేజీల్లో పాలు, చేపలు, గ్యాసు లెక్కలు ఉంటాయి. ఇది వెనకనుంచి మొదలుపెట్టాను. ఆయన ఇంట్లో ఉన్నారు. ఇవాళ్టికి నాకింకేం అక్కర్లేదు.

జనవరి 6, సోమవారం

తల దించి ఉంచడం అంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఊరికే పడుకోమంటే ఆయన పడుకోలేరు. గేటు చప్పుడైతే తల లేస్తుంది. కాకి అరిస్తే లేస్తుంది. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొస్తున్నాను.

పది గంటలప్పుడు నేలకేసి అడిగారు: "కాజరీ, పత్రిక సంగతేంటి?"

"ఈ ఏడు మానేద్దాం."

"బుక్ ఫెయిర్‌లో మన బల్ల ఖాళీగా కనబడితే నేను పోయాననుకుంటారు."

"అనుకోనీ. ఉన్నావని నాకు తెలుసుగా."

నవ్వలేదు. వీపు కనబడుతూనే ఉంది. వీపును బట్టి కూడా మనిషిని తెలుసుకోవచ్చు.

'భాటా' మా ఆయన పత్రిక. ఏడాదికి ఒక్క సంచిక. గంగ ఆటుపోట్లలో వెనక్కి తగ్గే నీటిని ఇక్కడ అలా అంటారు. పత్రికకు అలాంటి పేరెవరైనా పెడతారా అని పెళ్లైన కొత్తలో అడిగాను. నీళ్లు తగ్గినప్పుడే కదా అడుగున ఏముందో కనబడేది అన్నారు. ఈసారి మన కొన్నగర్ నుంచి గంగ ఒడ్డు వెంట బాలీ దాకా ఉన్న రేవుల సంచిక. వ్యాసాలన్నీ వచ్చి ఉన్నాయి. టైపు చెయ్యాలి, పేజీలు కట్టాలి, సంపాదకీయం రాయాలి. పదిహేడున ప్రెస్సుకు ఇవ్వాలి.

"సరే, నువ్వు చెప్పు, నేను కొడతాను" అన్నాను. చెప్పడం మొదలుపెట్టాక గంటన్నర ఆ తల కదల్లేదు. గేటు మోగింది, కాకి అరిచింది, కదల్లేదు. మందులు రాసిన కాగితంలో డాక్టరమ్మ ఈ ఒక్కటీ రాయడం మరిచిపోయింది.

సాయంత్రం మళ్లీ కూర్చున్నాం. ఉత్తర్‌పాడా రేవు గురించి ఒక పేజీ అయింది. హఠాత్తుగా కంప్యూటర్ తెర నల్లబడింది. పెట్టె టూఁక్ అని అరిచి, తనంతట తానే మళ్లీ మొదలైంది. ఆ అరుపుకు ఆయన తల పూర్తిగా లేచింది. నావైపు తిరిగారు. నేను ఆ తలను రెండు చేతులా పట్టుకుని కిందికి నొక్కాను. ఎంత గట్టిగా నొక్కానో, తరవాత నా మణికట్లు నొప్పెట్టాయి.

పేజీ పోయింది. పేజీ పోతే పోయింది.

జనవరి 7, మంగళవారం

స్టేషన్ గేటు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఝంటూను పిలిపించాను. మా ఆయన కాలేజీలో గుమాస్తాగా ఉన్న రోజుల నుంచీ ఈ పెట్టెను చూస్తున్నవాడు. ఆయన్ని దాదా అనీ, నన్ను బౌదీ, అంటే వదినా, అనీ పిలుస్తాడు.

"దాదా, నమస్కారం. మీ వీపుకే పెడుతున్నాను, ఏమనుకోకండి."

"వీపు ఆశీర్వదిస్తోందిరా. దానికేమైంది చూడు."

"బౌదీ, దీన్ని మ్యూజియంలో పెట్టాల్సింది, మీరింకా పని చేయిస్తున్నారు. కొత్తది తీసుకోకూడదూ?"

కొత్తదాంట్లో మా అక్షరాలు రావు. ఎదురింటి తుల్‌తులి ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను, వ్యాసమంతా గళ్లూ గీతలూ. ఆ పాత అక్షరాలు ఈ ఒక్క పెట్టెలోనే బతికి ఉన్నాయి. పత్రిక అయిపోయేదాకా ఇది బతకాలి.

ఝంటూ మూత తీసి దుమ్మంతా ఊదాడు. అరిచే చిన్న తీగ ఒకటి ఊడదీశాడు. "దీని గొంతు నొక్కేశాను. ఇంక చచ్చినా అరవదు." పరాయివాడు గదిలో పని చేస్తుంటే పిషీమా కూర్చోదు, శాలువా తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది. అతను టీ తాగుతూ రెండు గంటలు నడిపి చూశాడు. ఏ లోపమూ లేదు.

అతను వెళ్లాక సాయంత్రం మళ్లీ ఆగింది. అరవలేదు. నేను "అయ్యో!" అన్నాను. ఆయన తల లేచింది.

ఊడదీయాల్సిన తీగ ఇంకొకటి ఉంది. అది నా నోట్లో ఉంది.

జనవరి 8, బుధవారం

రెండుసార్లు. ఆయనకు ఒకటే తెలుసు.

జనవరి 9, గురువారం

నిన్న రెండోసారి ఏం చేశానో రాసుకోవాలి, మరిచిపోకుండా.

తెర నల్లబడగానే నోరు మూసుకున్నాను. ఆయన వాక్యం మధ్యలో ఉన్నారు. ఆపమంటే ఎందుకని అడుగుతారు, అడుగుతూ తల ఎత్తుతారు. అందుకని ఆపలేదు. నల్ల తెర మీదే టైపు కొడుతూ పోయాను. టకటకా చప్పుడు వింటూ ఆయన చెబుతూ పోయారు. చెప్పిన మాటల్ని పెదాల మీదే పట్టి ఉంచుకుని, తెర వెలిగాక గబగబా ఎక్కించాను. "సేవ్ చేశావా?" అన్నారు. "ఆఁ" అన్నాను. "సేవ్ చేసిందిలే, నువ్వు పడుకో నిరూ" అంది మూలనుంచి పిషీమా. సేవ్ అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. రోజుకు పదిసార్లు వినీ వినీ అలవాటైంది.

పిషీమా సాయంత్రాలు అక్కడే ఉంటుంది. బల్ల పక్కన, పెట్టెకు ఆనుకుని, తన పొట్టి పేము మోడా మీద. ఇంట్లో ఇన్ని కుర్చీలుండగా అదేం చోటు అంటే, "అక్కణ్నుంచి వాడి ముఖం కనబడుతుంది" అంది. నిజమే. వేలాడే ఆ ముఖాన్ని చూడాలంటే అంత కింద కూర్చోవాలి. నేను ఇన్నాళ్లూ వీపుతోనే సరిపెట్టుకుంటున్నాను. ఇవాళ ఒకసారి ఆవిడ లేచినప్పుడు ఆ మోడా మీద కూర్చుని చూశాను. గడ్డం పెరిగింది. నన్ను చూడలేదు, కానీ నవ్వారు. "పిషీమా కాదు, నువ్వు. గాజుల చప్పుడు."

ఇక లెక్క ప్రకారం వెళ్లాలి. పద్దు కలవనప్పుడు ఒక్కొక్క అంకే చూసుకుంటూ వెళ్లినట్టు, ఇంట్లో కరెంటు తాగేవన్నీ ఒక్కొక్కటే ఆపి చూస్తాను. మొదటి అనుమానం పక్కింటి మిత్ర గారి నీళ్ల మోటారు మీద. వాళ్లావిడ సాయంత్రమే వేస్తుంది.

"మా మోటారు మీ కంప్యూటర్లోకి ఎలా దూరుతుందమ్మా?" అంది గోడ మీంచి.

"ఒక్క సాయంత్రం వెయ్యకుండా చూడండి దీదీ, ఆయన కంటి కోసం."

"కంటి కోసమంటే వెయ్యనులే. కానీ రాత్రి స్నానానికి నీళ్లు లేక మా ఆయన మీ ఇంటికొస్తే నన్నడక్కు."

వెయ్యలేదు. అయినా పెట్టె ఆగింది. వాళ్లాయన స్నానానికి రాలేదు. తిట్టుకుని ఉంటాడు. ఆవిడకు రేపు ఖర్జూర బెల్లం పంపాలి.

జనవరి 10, శుక్రవారం

ఝంటూ మళ్లీ వచ్చాడు. కరెంటు లోపలికి పంపే డబ్బా మార్చాడు. పిషీమా శాలువాతో వరండాలోకి. పెట్టె మధ్యాహ్నమంతా బుద్ధిగా నడిచింది.

"బౌదీ, ఇది నన్ను చూస్తే మంచి పిల్లాడైపోతోంది. డాక్టరు గుమ్మంలోకి రాగానే జ్వరం దిగిపోయే రకం."

"అయితే నువ్వు ఇక్కడే ఉండిపో."

"నా భార్యకు ఒక మాట చెప్పండి, ఇప్పుడే పక్క తెచ్చేసుకుంటాను."

నేలకేసి ఉన్న తల నవ్వుతోంది. ఈ ఇంట్లో ఆ నవ్వు విని వారమైంది. ఝంటూ పెట్టెను బాగుచెయ్యలేదు, అయినా అతను వచ్చి వెళితే ఏదో బాగుపడుతోంది.

సాయంత్రం ఆగింది. నల్ల తెర మీద నా టైపు సాగింది. తల కదల్లేదు.

జనవరి 11, శనివారం

సంపాదకీయం మొదలైంది. ఆయన చెప్పిన వాక్యం: "అనాదిగా, అవిశ్రాంతంగా, మహోదాత్తంగా పారుతున్న ఈ గంగాప్రవాహపు ఒడిలో ఒకనాడు పడవలుండేవి." సరిగ్గా అక్కడ పెట్టె ఆగింది. తిరిగి ఎక్కించేటప్పుడు నాకు గుర్తున్నది: "ఈ గంగ మీద ఒకనాడు పడవలుండేవి."

మిగతావి గుర్తు రాలేదని కాదు.

నేను దిద్దేదాన్ని కాను. చెప్పింది చెప్పినట్టు కొట్టేదాన్ని. ఇది పెట్టె చేసిన పని.

జనవరి 12, ఆదివారం

ఒక్కసారి కూడా ఆగలేదు!

పొద్దున్నించీ ఫ్రిజ్ ఆపి ఉంచాను. దొంగ దొరికింది. ముందే అనుమానించాల్సింది, అది ఆగి ఆగి మొదలయ్యేటప్పుడు దీపాలు కూడా మినుకుమంటాయి. మూడు వ్యాసాలు పూర్తయ్యాయి. ఆయన చెబుతుంటే వేళ్లు వాటంతటవే పరిగెత్తాయి. పిషీమా బాలీలో వాళ్ల చెల్లెలి మునిమనవడి అన్నప్రాశనకు వెళ్లింది, లేకపోతే ఈ సంతోషం ఆవిడా చూసేది. రాత్రికి పాయసం పట్టుకొచ్చింది. తల వంచుకున్న మనిషికి చెంచాతో పాయసం పెట్టడం నాకిప్పుడు బాగా వచ్చు.

ఫ్రిజ్‌లోని చేపలు మిత్ర గారింట్లో పెట్టించాను. దీదీ ఏమీ అడక్కుండా చోటిచ్చింది. ఎంతమంది ఎన్ని పనులు ఆపుకుంటున్నారు ఈ ఒక్క కంటి కోసం.

జనవరి 13, సోమవారం

ఫ్రిజ్ ఆపే ఉంది. మూడుసార్లు ఆగింది.

మూడోసారి నేను కీబోర్డు మీద చేతులుంచి ఊరికే ఉండిపోయాను. టకటకలు ఆగేసరికి ఆయన మెడ కదిలింది. "ఏమైంది?" అన్నారు, తల సగం లేచి. వెంటనే కొట్టడం మొదలుపెట్టాను. ఏం కొట్టానో నాకే తెలియదు. తల దిగింది.

ఇంకా అయిదు రోజులు. పత్రిక ఆపేస్తే ఆయన నిలవరు. నడిపిస్తే ఇది నిలవదు.

జనవరి 15, బుధవారం

మోటారు, ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె, పొడుగుతీగ, గీజరు. పట్టికలో అన్నీ కొట్టేశాను. ఇంక కొట్టేయడానికి ఏమీ లేవు.

సాయంత్రం ఒక పేజీ కట్టి అచ్చుతప్పులు చూస్తున్నాను. ఆయన అలసి కునుకు తీస్తున్నారు. పెట్టెలో గాలి తిరిగే చప్పుడు ఎక్కువైంది, ఎవరో పరిగెత్తుకొచ్చి రొప్పుతున్నట్టు. ఇన్నాళ్లూ నా గొంతూ ఆయన గొంతూ నిండి ఉండటంతో అది వినబడలేదు. వంగి బల్ల కిందికి చూశాను.

పిషీమా ముదురెరుపు శాలువా. ఒక చివర ఆవిడ మోకాళ్ల మీద ఉంది. మిగతాదంతా పెట్టె చుట్టూ తిప్పి, వెనక గాలి వచ్చే చోటు దగ్గర బాగా దోపి, పైన ముడి కూడా వేసింది. పసిపిల్లను చుట్టినట్టు చుట్టింది. ఆవిడ పాదాలు రెండూ ఆ ముడి కింద ఉన్నాయి. ఆవిడ మెడ వెనక్కి వంచి నిరు ముఖాన్నే చూస్తోంది.

నా పట్టికలో యంత్రాలన్నీ రాశాను. మనుషుల్ని రాయలేదు.

తెర నల్లబడింది. నేను టైపు కొట్టాను. ఆయన నిద్రలోనే ఉన్నారు.

టీ పెట్టడానికి సాయం రమ్మని ఆవిణ్ని వంటింట్లోకి పిలిచాను. "శాలువా కప్పుకోలేదేం పిషీమా, చలిగా లేదూ?" అన్నాను.

ఆవిడ గుసగుసగా చెప్పింది: "ఆ పెట్టెకు చలే కాజరీ. చెయ్యి పెట్టి చూడు, ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. మూలుగుతుంది కూడా. మీరెవరూ పట్టించుకోరు. నిరు చెప్పే మాటలన్నీ దాని కడుపులోనే కదా ఉన్నాయి? అందుకని సగం దానికిచ్చాను. కాసేపటికి వెచ్చబడుతుంది. నా కాళ్లూ వెచ్చబడతాయి. బాగా వెచ్చబడ్డాక ఒక్క కునుకు తీసి లేస్తుంది. నువ్వు చూడలేదూ?"

"చూశాను" అన్నాను.

అప్పుడే చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆవిడ మరమరాలు గిన్నెలో పోసి, ఆవనూనె చుక్కలు వేసి, నా వాటా విడిగా తీస్తోంది. మొదటి రోజు ఆ తల ఎలా లేచిందో ఆవిడ కూడా చూసింది. ఆ తల లేవడానికీ తన శాలువాకూ ముడి ఉందని తెలిస్తే ఈ చేతులు ఏమైపోతాయి?

టీలో చక్కెర వేశాను.

జనవరి 16, గురువారం

పొద్దున్నే స్టేషన్ దాకా వెళ్లి ఝంటూకు సంగతంతా చెప్పాను. అతను దుకాణం ముందు మెట్టు మీద కూర్చుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. తరవాత నవ్వడం మానేసి, "లోపల వేడి మించితే అది కాలిపోకుండా తనను తానే ఆపుకుంటుంది బౌదీ. పాత పెట్టె కాబట్టి సహించింది" అన్నాడు. మెట్టు మీంచి లేస్తూ, "పిషీమాకు చెప్పకండి" అన్నాడు. నేను ఇంకా ఆ మాట ఎత్తనే లేదు.

ఇంటికొచ్చి పెట్టె మీద చెయ్యి వేసి, నాడి చూసే డాక్టరు ముఖం పెట్టాడు. "పిషీమా, దీనికి చలి కాదు, జ్వరం. మీరు చలికాచి బాగా చూసుకున్నారు కాబట్టి చలి పోయింది, ఇప్పుడు జ్వరం వచ్చింది. జ్వరమొచ్చినవాళ్లకు దుప్పటి కప్పకూడదు, గాలి తగలాలి."

"ఏదో జబ్బుందని నేను మొదటి రోజే అన్నాను" అంది పిషీమా, నావైపు గర్వంగా చూస్తూ.

ఆవిడ మోడాను కదిలించడానికి నాకు మనసొప్పలేదు. ఆ ముఖం కనబడే చోటు ఇంట్లో అదొక్కటే. పొడుగు తీగలు తెప్పించి, పెట్టెనే బల్లకు అటువైపు, కిటికీ కిందికి జరిపించాను. పిషీమా పాదాల దగ్గర వేడినీళ్ల సంచీ పెట్టాను.

సాయంత్రం ఆగలేదు.

జనవరి 17, శుక్రవారం

ఆగలేదు. పత్రిక ప్రెస్సుకు వెళ్లింది. చివరి పేజీ కట్టి సేవ్ చేసి లేచాను. "అయిపోయింది" అన్నాను. "మళ్లీ చెప్పు" అన్నారు నేలకేసి. మళ్లీ చెప్పాను.

పిషీమా సాయంత్రం మరమరాలూ టీ ముట్టలేదు. నిన్నా ముట్టలేదు. కడుపులో గ్యాస్ అంటోంది. వాము నీళ్లు ఇచ్చాను.

జనవరి 18, శనివారం

పొర నిలిచింది.

చాలాసేపు ఆ రెండు మాటల కింద ఏమీ రాయలేదు. డాక్టరమ్మ దీపం వేసి చూసి, మళ్లీ చూసి, "బాగా అతికింది. ఎలా కూర్చోబెట్టారండీ ఈయన్ని?" అంది. చూపు ఎంతవరకు వస్తుందో బుడగ కరిగాక గానీ చెప్పలేనంది. ఆసుపత్రి మెట్ల మీద ఆయన తల ఎత్తి నిలబడ్డారు. నేను అలవాటు కొద్దీ చెయ్యెత్తబోయి ఆగాను.

రిక్షాలో అన్నారు: "నల్ల తెర మీద ఎన్నిసార్లు కొట్టావు?"

నేను మందుల చీటీని ఇంకో మడత పెట్టాను.

"నిజంగా కొట్టేటప్పుడు నువ్వు తప్పులు కొడతావు కాజరీ. నాలుగు మాటలకోసారి తుడిపే మీట గట్టిగా మోగుతుంది. ఉన్నట్టుండి ఒక్క తప్పూ లేకుండా గుర్రంలా పరిగెత్తేదానివి. అప్పుడు తెలిసేది తెర మీద ఏమీ లేదని."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాలంటే తల ఎత్తాలి కదా. నువ్వు అంత కష్టపడి కొడుతుంటే ఎత్తడం మర్యాద కాదనిపించింది."

దారంతా నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. రిక్షా అబ్బాస్ మియాదే, మా పెళ్లి రోజుల నుంచీ ఎరిగినవాడు. చూసీ చూడనట్టు బెల్లు కొట్టుకుంటూ తొక్కాడు.

పిషీమాకు చెప్పగానే పూజగదిలోకి వెళ్లింది. చాలాసేపు రాలేదు. సాయంత్రం మరమరాలు మాత్రం వద్దంది. గ్యాస్ ఇంకా తగ్గలేదట.

జనవరి 30, గురువారం

బుక్ ఫెయిర్‌లో మన బల్ల ఖాళీగా లేదు. నల్ల కళ్లద్దాలతో ఆయనా, పక్కన నేనూ. కంట్లో నీటిమట్టంలా ఒక గీత కనబడుతోందట. గీతకు పైన మసకగా ఆకారాలు, కింద అంతా ఊగే నీళ్లు. రోజూ గీత కాస్త కిందికి దిగుతోందట. "భాటా మొదలైంది" అన్నారు.

చందన్‌నగర్ నుంచి వచ్చిన పాత చందాదారు ఒకాయన సంపాదకీయం అక్కడే నిలబడి చదివి, "నిరుపమ్ బాబూ, ఎన్నాళ్లకు ఇంత తేటగా రాశారండీ! ఒక్క మాట ఎక్కువ లేదు" అన్నాడు. మా ఆయన నావైపు తిరిగారు. నేను చిల్లర సర్దుకుంటున్నాను.

పిషీమా ఇంకా సాయంత్రం ఏమీ తినడం లేదు. బుక్ ఫెయిర్ అయ్యాక డాక్టరుకు చూపించాలి.

ఫిబ్రవరి 5, బుధవారం

నిన్న సరస్వతీ పూజ. కలం ముట్టకూడదు కాబట్టి నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

పుస్తకాలూ, కలాలూ, తుల్‌తులి హార్మోనియం, కొత్త సంచికల కట్టా అమ్మవారి ముందు పెట్టాం. కీబోర్డు కూడా పెట్టాను. "పెట్టెను వదిలేశావేం? పని చేసింది అది కదా" అంది పిషీమా. ఝంటూ వచ్చి తీగలన్నీ ఊడదీసి, బిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి పెట్టాడు. "బౌదీ, నేను రిపేరు చేసిన యంత్రం దేవుడి ముందు కూర్చోవడం ఇదే మొదలు. ఎక్కువగా నేను రిపేరు చేసినవాటిని జనం నా ముఖాన కొడతారు."

పుష్పాంజలి అయ్యాక ఆయన నల్లద్దాలు తీశారు. బుడగ మొన్నటికే పూర్తిగా కరిగిపోయింది. పిషీమా కాస్త దూరంగా, తన మోడా మీద కూర్చుని ఉంది. ఆయన ఎడమకంటిని అరచేత్తో మూసుకుని ఆవిడకేసి చూశారు.

"పిషీమా, నీ శాలువాకు అంచు దగ్గర చిరుగు పడింది. వేలు పట్టేంత. ఎప్పుడు పడింది?"

పిషీమా అంచు తిప్పి చూసుకుంది. ఉంది. ముడి వేసిన చోట పడింది. ఆవిడ ఆ చిరుగులో వేలు పెట్టి, అలాగే ఉండిపోయింది. కాసేపటికి లేచి, "కాజరీ, ఆకలేస్తోంది. మరమరాలు కలుపు" అంది.

వంటింట్లోకి నా వెనకే వచ్చింది. గిన్నెలో మరమరాలు పోస్తుంటే చెప్పింది.

"పంతొమ్మిది రోజులైంది ఇవి తిని. వాడు చూసి చెప్పేదాకా ముట్టనని అమ్మవారితో అనుకున్నాను."

నేను నూనె సీసా పట్టుకుని నిలబడ్డాను.

"నువ్వు మోడాను జరపకుండా పెట్టెను జరిపావు. ఆ రోజే తెలిసింది నాకు. తప్పు చేసినవాళ్లను లేపి పక్కకు కూర్చోబెడతారు గానీ, వాళ్ల కోసం ఇల్లంతా తీగలు పరవరు. నువ్వు నల్ల తెర మీద కొట్టడం కూడా చూసేదాన్ని. నీ చేతులు వణికేవి. దానికి కూడా చలే అనుకున్నాను." గిన్నె నాకేసి జరిపింది. "పొర నిలవలేదని డాక్టరు చెప్పి ఉంటే కూడా నువ్వు నాకు చెప్పేదానివి కాదు. అవునా?"

"నూనె చాలా?" అని అడిగాను.

"ఇంకో చుక్క వెయ్యి" అంది. తల వంచుకుని తింది. ఒక్క మరమరం కింద పడనివ్వకుండా, గిన్నె అడుగు దాకా తింది. ఈ జన్మలో నేను పెట్టిన తిండిలో అంత శ్రద్ధగా ఎవరూ తినలేదు.

సాయంత్రం దీపం పెట్టేవేళకు పిషీమా అమ్మవారి ముందుకు వెళ్లింది. శాలువా భుజం మీంచి తీసింది. ఝంటూ వైపు చూసి, "ఇవాళ దీనికి సెలవు కదా? తీగలేమీ లేవు కదా? జ్వరం రాదుగా?" అని అడిగింది.

"రాదు పిషీమా. ఇవాళ కప్పొచ్చు."

ఆవిడ పెట్టె చుట్టూ శాలువా తిప్పింది. వెనక వైపు దోపింది. వంగడం కష్టమై ముడి దగ్గర ఆగిపోతే, ఇంకో చివర నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ముడి వేశాం. చిరుగు పడిన వైపు లోపలికి పోయింది.

"పైకి, ఇంకొంచెం పైకి" అన్నారు ఆయన వెనకనుంచి. అక్కణ్నుంచి ఆయనకు ముడి కనబడుతోంది.